లెక్క అడిగినందుకు ‘లోబడు’ అన్నారు

ప్రశ్న:

అమ్మగారికి ప్రభువు నామమున వందనాలు. నా వయసు 31. తిరుపతిలో ఒక ఆడిటరుగారి దగ్గర పద్దులు చూసే ఉద్యోగం చేస్తున్నాను. మా సంఘంలో నాలుగేళ్లుగా కోశాధికారి పని నాదే. మందిరం పైకప్పు స్లాబు కోసం కానుకలు పోగుచేశాం. సిమెంటు, కమ్మీలు కొన్నామని పాస్టరుగారు చెప్పిన మొత్తానికి రసీదులు నా దగ్గరికి రాలేదు. రెండు నెలలు ఎదురుచూశాను. ఒక ఆదివారం ఆరాధన చివర ప్రకటనలు చదువుతుండగా లేచి, అందరి ముందూ రసీదులు అడిగాను. ఆయన ముఖం మాడిపోయింది. “ముందు లోబడడం నేర్చుకో, సహోదరీ” అన్నారు. మరుసటి వారం పద్దుల పుస్తకం నా దగ్గర తీసుకుని, ఇరవై రెండేళ్ల అమ్మాయికి ఇప్పించారు. పుస్తకం అప్పగిస్తూ నేను ఆ అమ్మాయిని, “ఓచరు రాయడమైనా వచ్చా నీకు?” అన్నాను. స్త్రీల సమాజం వాళ్లంతా అక్కడే ఉన్నారు. ఆ అమ్మాయి ఏడ్చింది. అప్పటినుంచి నాలుగు ఆదివారాలుగా నేను మందిరానికి వెళ్లలేదు. పాస్టరుగారికి క్షమాపణ చెప్పి రమ్మని మా ఆయన పట్టుబడుతున్నారు. ఎఫెసీ పత్రిక ఐదో అధ్యాయం తీసి చూపిస్తున్నారు. నేను తప్పు చేశానా? లోబడడం అంటే నోరు మూసుకోవడమా? నాకు గర్వం అని అందరూ అంటుంటే, ఉందేమో అని నాకూ అనిపిస్తోంది. వినయం ఎలా నేర్చుకోవాలి?

– పేరు వద్దు, తిరుపతి

జవాబు:

అమ్మా, నీ ఉత్తరంలో రెండు సంగతులు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ఒకటి రసీదులు, రెండోది ఆ అమ్మాయి కన్నీళ్లు. నీ చుట్టూ ఉన్నవాళ్లు రెండింటినీ కలిపి ఒకే మూట కట్టి, గర్వం అని పేరు పెట్టారు. నువ్వూ ఆ మూటను అలాగే నెత్తికెత్తుకుని నాలుగు వారాలుగా మోస్తున్నావు. ముందు కిందికి దించు, విప్పి చూద్దాం.

రసీదులు అడగడం నీ బాధ్యత. దానికి ఎవరికీ క్షమాపణ చెప్పనక్కర్లేదు. ఆ అమ్మాయితో అన్న మాట మాత్రం గర్వమే. దానికి క్షమాపణ చెప్పాలి, అదీ ఈ వారంలోనే. రసీదులు అడిగిన తీరు ఈ రెండింటి నడుమ ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను చిత్తూరులో ఉంటాను. ఉద్యోగమంతా నర్సుగానే చేశాను. అందులో మొదటి ఆరేళ్లు కుష్ఠురోగుల ఆసుపత్రిలో గడిచాయి. వినయం గురించి నాకు తెలిసింది అక్కడే మొదలైంది కాబట్టి, ఆ సంగతి చెప్పకుండా నీ ప్రశ్నకు జవాబు రాయలేను.

నర్సింగు పరీక్షలో మా జట్టులో మొదటి స్థానం నాది. ఆపరేషన్ థియేటరులో వేస్తారనుకున్నాను. పాదాల గదిలో వేశారు. పొద్దున్నే బల్లల మీద పదిహేను ఇరవై మంది వరసగా కూర్చునేవారు. ఒక్కొక్కరి ముందు ఒక తొట్టి, అందులో మామూలు నీళ్లు. అరగంట పాదాలు నానబెట్టాలి. తర్వాత కాయలు కాసి గట్టిపడిన చర్మాన్ని గరుకురాయితో మెల్లగా అరగదీయాలి. తడి పూర్తిగా ఆరకముందే నూనె రాయాలి. వేళ్ల సందులు, మడమ, అరికాలు అంతా తడిమి, ఎక్కడైనా వేడిగా ఉందా, చర్మం చీలిందా, ముల్లు గానీ మేకు గానీ దిగిందా అని చూడాలి. మెత్తని రబ్బరు అట్ట ఉన్న చెప్పులు తొడిగించి పంపాలి. మర్నాడు మళ్లీ అవే పాదాలు.

అంత జాగ్రత్త ఎందుకో తెలుసా? కుష్ఠు మాంసాన్ని తినేస్తుందనీ, అందుకే వేళ్లు పోతాయనీ లోకం చాలాకాలం నమ్మింది. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ రోగుల చేతులూ కాళ్లూ ఏళ్ల తరబడి పరిశీలించి, అసలు కారణం వేరని తేల్చాడు. వ్యాధి నరాలను చంపుతుంది. నరం చచ్చిన చోట నొప్పి తెలియదు. నొప్పి తెలియనివాడు రాయి మీద నడిచినా ఆగడు, కాలిన గిన్నె పట్టుకున్నా వదలడు. గాయం మీద గాయమై, అది పుండై, చివరికి వేలు పోతుంది. మందులతో వ్యాధి నయమైనా చచ్చిన నరం తిరిగి రాదు. అందుకే ఆ మనిషి జీవితాంతం తన పాదాలను రోజూ చూసుకోవాలి.

చిత్తూరు పక్క పల్లెలో బెల్లం గానుగ దగ్గర పనిచేసిన ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చేవాడు. బెల్లం కాచే పెనం దగ్గర చేతులు కాల్చుకున్నా తెలియనంతగా ముదిరాక వచ్చాడు. ఆయన పాదాలు కడిగేటప్పుడు నేను ముఖం పక్కకు తిప్పుకునేదాన్ని. వాసన వల్ల అనుకునేదాన్ని. అసలు కారణం, ఇంత చదివిన నాకు ఈ పనా అన్న కోపం. నాలుగో రోజో ఐదో రోజో ఆయన నెమ్మదిగా అన్నాడు: “అమ్మా, నువ్వు ఎలా తోమినా నా కాళ్లకు తెలియదు. నాకు తెలుస్తుంది.”

నా చేతిలో రాయి ఆగిపోయింది. ఆయన మాటలో కోపం లేదు. అది ఉంటే నేనూ కోపంతో జవాబు చెప్పి తప్పించుకునేదాన్ని. ఆయన కాలు నా ఒళ్లో ఉంది, నీళ్లు కారుతున్నాయి. అప్పుడు మొదటిసారి ఆయన ముఖం సరిగ్గా చూశాను.

నువ్వు “ఓచరు రాయడమైనా వచ్చా?” అన్నప్పుడు ఆ అమ్మాయికి అందింది ఆ ప్రశ్న కాదమ్మా. దాని వెనక నువ్వు ఆమెను ఏ ఎత్తు నుంచి చూశావో అది అందింది. ఓచరు ఎలా రాయాలో ఆమె రెండు రోజుల్లో నేర్చుకుంటుంది. స్త్రీల సమాజం ముందు తల దించుకున్న ఆ నిమిషం మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

ఇంకో సంగతి. మా రోగులకు తమ అరికాళ్లు తమకు కనిపించేవి కావు. అందుకని ఒక్కొక్కరికీ చిన్న అద్దం ఇచ్చేవాళ్లం. కీళ్లు పట్టేసి వంగలేనివాళ్ల పాదాలు పక్క మంచం వాళ్లు చూసి చెప్పేవాళ్లు. గర్వం కూడా మనకు కనిపించని చోటే పుండు పడుతుంది. మరొకరి కళ్లు కావలసిందే. అయితే నీ ఉత్తరంలో, ‘గర్వం ఉందేమో అని నాకూ అనిపిస్తోంది’ అని రాశావు చూడు, ఆ మాట దగ్గర నాకు ధైర్యం కలిగింది. అది నొప్పి. నీకు ఇంకా స్పర్శ ఉంది.

ఇప్పుడు యేసు దగ్గరికి వద్దాం. యోహాను సువార్త 13వ అధ్యాయంలో ఆయన శిష్యుల పాదాలు కడిగాడని మనందరికీ తెలుసు. ఏటా పరిశుద్ధ గురువారం నాడు చదువుతాం. కానీ మూడో వచనాన్ని మనం తొందరగా దాటేస్తాం. తండ్రి సమస్తమూ తన చేతికి అప్పగించాడని, తాను దేవుని దగ్గరనుంచి వచ్చాడని, దేవుని దగ్గరికే వెళ్తున్నాడని యేసు ఎరిగి ఉన్నాడని అక్కడ రాసి ఉంది. నాలుగో వచనంలో లేచి, పైవస్త్రం పక్కన పెట్టి, తువాలు నడుముకు కట్టుకున్నాడు. తాను ఎవరో పూర్తిగా తెలిసిన తర్వాతే వంగాడు. తువాలు కట్టుకున్నందువల్ల ఆయనకు తగ్గిందేమీ లేదు, ఎందుకంటే ఆయన విలువ పైవస్త్రంలో లేదు. ఆ రాత్రి కడిగిన పాదాల్లో ఆయనను పట్టించబోయే యూదా పాదాలు కూడా ఉన్నాయి. అతడు లేచి బయటికి వెళ్లింది ఆ తర్వాతే.

నీ విషయంలో జరిగింది ఏమిటంటే, నాలుగేళ్లుగా ఆ పద్దుల పుస్తకం నీ పైవస్త్రమైపోయింది. అది నీ తప్పని అనడం లేదు. నమ్మకంగా పనిచేసినవాళ్లకే అలా జరుగుతుంది. పుస్తకం చేయి మారిన రోజున నువ్వు ఎవరివో నీకే తెలియకుండా పోయింది. ఆ ఖాళీలోనుంచి ఆ మాట వచ్చింది, ఎదురుగా దొరికిన చిన్నపిల్ల మీద పడింది. పుస్తకం ఉన్నా లేకున్నా నువ్వు దేవుని కుమార్తెవే అన్నది పాటలో పాడడం తేలిక. పుస్తకం పోయిన వారం దాన్ని నమ్మడం కష్టం. వినయం నేర్చుకోవడమంటే చాలావరకు ఆ ఒక్కటి నమ్మడమే అని నా అనుభవం.

అందుకే, వినయం పేరుతో నువ్వు ‘నాకేమీ రాదు, నేను దేనికీ పనికిరాను’ అనడం మొదలుపెట్టకు. నీకు పద్దులు వచ్చు. రావని చెప్తే అది అబద్ధం. పౌలు రోమీయులకు రాస్తూ, తన్ను తాను ఎంచుకొన తగినదానికంటె ఎక్కువగా ఎంచుకోవద్దన్నాడు. తగినంత ఎంచుకోవద్దని అనలేదు. కొలొస్సయులకు రాసిన పత్రికలో అతివినయం చూపేవాళ్ల గురించి హెచ్చరించాడు కూడా. మన సంఘాల్లో ఆ అతివినయం చాలా ఉంది. చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి, “అంతా మీ దయ అయ్యగారూ” అని, గుమ్మం దాటగానే ఇంకో గొంతుతో మాట్లాడేవాళ్లను నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. అలాంటివాళ్లకంటే లేచి నిలబడి రసీదు అడిగిన నువ్వే నాకు నయం.

ఇక లోబడడం. ఈ మాటను నీ మీద విసిరారు కాబట్టి దీన్ని కాస్త తీరికగా చూడాలి.

మీ ఆయన చూపించిన ఎఫెసీ ఐదో అధ్యాయంలో, భార్యల గురించిన ఇరవై రెండో వచనానికి ముందు ఇరవై ఒకటో వచనం ఉంది: “క్రీస్తునందలి భయముతో ఒకనికొకడు లోబడియుండుడి.” అతి ప్రాచీన గ్రీకు ప్రతుల్లో కొన్నింటిలో ఇరవై రెండో వచనానికి సొంతంగా క్రియాపదమే లేదు. ‘లోబడి’ అన్నది పై వచనం నుంచే దానికి దిగుతుంది. అంటే ఒకరికొకరు లోబడడం అనే తల్లివేరు నుంచే భార్యాభర్తల మాట కూడా మొలిచింది. ఆ తర్వాత భర్తకు చెప్పింది, క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు భార్యను ప్రేమించమని. భార్యను లోబరచుకో అని భర్తకు ఎక్కడా ఆజ్ఞ లేదు. పైగా అదే పత్రికలో పిల్లలకూ దాసులకూ చెప్పేటప్పుడు పౌలు వేరే క్రియ వాడాడు, చెప్పిన మాట వినడం అనే అర్థంలో. ఒకరికొకరు లోబడడానికి వాడిన క్రియకు మూలార్థం తన్ను తాను ఒక వరసలో కింద నిలుపుకోవడం. అది మనిషి ఇష్టంతో ఇచ్చేది. బలవంతంగా తీసుకుంటే దానికి వేరే పేరు ఉంటుంది.

కాపరుల సంగతీ అంతే. పేతురు మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో చిన్నవాళ్లను పెద్దలకు లోబడి ఉండమన్నది ఐదో వచనం. మూడో వచనంలో ఆ పెద్దలతోనే, మీకు అప్పగించినవారి మీద ప్రభువులైనట్టు ఉండవద్దు, మందకు మాదిరిగా ఉండండి అన్నాడు. మూడోది వదిలేసి ఐదోది మాత్రం చదివేవాళ్లు వాక్యాన్ని సగానికి కోస్తున్నారు. ఆ ఐదో వచనంలోనే, మీరందరూ ఎదుటివారి పట్ల దీనమనస్సు అనే వస్త్రం ధరించుకోమని కూడా ఉంది. ‘అందరూ’ అన్నప్పుడు పాస్టరుగారు కూడా అందులో ఉన్నారు.

సంఘం డబ్బు విషయంలో బైబిలు మొహమాటపడదు. యెరూషలేములోని పేదల కోసం కానుకలు పోగుచేసినప్పుడు పౌలు ఒంటరిగా మోసుకుపోలేదు. సంఘాలు ఏర్పరచిన మరో సహోదరుణ్ని వెంటబెట్టుకున్నాడు. ఎందుకో రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయంలో తనే చెప్పాడు: ఈ డబ్బు గురించి మమ్మల్ని ఎవరూ తప్పుపట్టకూడదు, ప్రభువు దృష్టిలోనే కాక మనుష్యుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలి అని. ఆయన అపొస్తలుడు. అయినా నన్ను నమ్మండి, లోబడండి అనలేదు.

ఇంకా పాత కథ ఒకటి ఉంది, అచ్చం మీ స్లాబు కథలాంటిది. రెండో రాజులు 12వ అధ్యాయం చదువు. యోవాషు రాజు కాలంలో మందిరం బాగుచేయడానికి డబ్బు వస్తూనే ఉంది, ఇరవై మూడో ఏడు వచ్చినా యాజకులు మరమ్మతు చేయలేదు. రాజు యాజకులను పిలిచి ఎందుకు చేయలేదని సూటిగా అడిగాడు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు రంధ్రం చేసి, బలిపీఠం పక్కన పెట్టాడు. పెట్టెలో డబ్బు నిండినప్పుడల్లా రాజు లేఖికుడూ ప్రధాన యాజకుడూ ఇద్దరూ కలిసి లెక్కించేవారు. అదే అధ్యాయంలో పనివాళ్లకు డబ్బు ఇచ్చినవారు నమ్మకస్థులు కాబట్టి వాళ్లను లెక్క అడగలేదని ఒక వచనం ఉంది. నీకు దాన్ని చూపిస్తే చూపించవచ్చు. అప్పుడు పై వచనాలు కూడా కలిపి చదవమని మర్యాదగా చెప్పు. పెట్టెకు రంధ్రం, లెక్కించడానికి ఇద్దరు మనుషులు ఏర్పడ్డాకే ఆ నమ్మకం మాట వచ్చింది.

ఆఖరికి యేసు కూడా, ప్రధాన యాజకుని ఎదుట ఒక బంట్రోతు చెంపమీద కొట్టినప్పుడు, నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేదో చెప్పు, మంచి మాట్లాడితే ఎందుకు కొడుతున్నావు అని అడిగాడు. అంతకుమించిన సాత్వికుడు లేడు. ఆయన కూడా అడిగాడు.

కాబట్టి ప్రశ్నను వదులుకోకు. కానీ అడిగిన తీరు మాత్రం సరిగా లేదమ్మా. మత్తయి 18లో యేసు చెప్పిన వరస నీకు తెలుసు: ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, ఆ తర్వాతే సంఘం ముందు. నువ్వు మూడో మెట్టు మీద మొదలుపెట్టావు. రెండు నెలలు ఎదురుచూశానన్నావు. ఆ రెండు నెలల్లో ఒక్కసారైనా వాళ్ల ఇంటికి వెళ్లి, “అయ్యగారూ, సిమెంటు రసీదులు ఇస్తే పద్దు రాసేస్తాను” అని అడిగినట్టు నీ ఉత్తరంలో లేదు. ఎదురుచూడడం, అడగడం ఒకటి కావు. అంతియొకయలో పౌలు పేతురును అందరి ముందే నిలదీశాడు కదా అని నువ్వు అనవచ్చు. నిజమే. కానీ పేతురు తప్పు అందరి కళ్లముందూ జరిగింది, యూదులు కాని విశ్వాసులతో కూర్చుని భోంచేయడం మానేశాడు. నీకు తెలిసింది మాత్రం ఇంకా సగమే. రసీదులు నీ చేతికి రాలేదని తెలుసు. లేవని తెలియదు. కొట్టువాడు ఇంకా ఇవ్వకపోయి ఉండవచ్చు, ఆయన ఏ బైబిలు సంచిలోనో పెట్టి మరిచి ఉండవచ్చు. నిజంగానే లెక్క తప్పి ఉండవచ్చు కూడా. ఏదైనా సరే, అందరి ముందు అడిగేసరికి ఆయనకు సంజాయిషీ చెప్పుకునే దారి లేకుండా పోయింది. అవమానం పాలైన మనిషి దగ్గర నిజం దొరకడం కష్టం.

పాస్టరుగారి దగ్గరికి వెళ్లు. మీ ఆయనను కూడా రమ్మను, ఆయన పట్టుదల కూడా కాస్త మెత్తబడుతుంది. ఇలా చెప్పు: “అయ్యగారూ, ఆ రోజు మిమ్మల్ని ముందు ఒంటరిగా అడగకుండా అందరి ముందు అడిగాను. అది తప్పు, క్షమించండి. రసీదుల మాట మాత్రం ఇప్పటికీ అడుగుతున్నాను. నేను పుస్తకం పట్టిన కాలానికి సంబంధించినవి కాబట్టి, వాటిని చేర్చి పద్దు ముగించి అప్పగించాలి.” మొదటి సగం గొణగకు, రెండో సగం వదిలేయకు. ఆయన కోప్పడితే ఎదురు కోప్పడకుండా లేచి వచ్చెయ్యి. అప్పుడు ఇద్దరు సంఘ పెద్దలను వెంటబెట్టుకుని మరోసారి వెళ్లు. అప్పటికీ కాకపోతే కమిటీకి కాగితం మీద రాసి ఇవ్వు. మీ సంఘం సొసైటీగా నమోదై ఉంటే ఏటా లెక్కలు సభ్యుల ముందు పెట్టవలసిందే. ఆ నియమాలు నాకంటే నీకే బాగా తెలిసి ఉంటాయి. ఏ మెట్టు మీదా ఫోనుల్లో, గుంపుల్లో ఈ మాట తిప్పవద్దు. ఎన్ని విధాల అడిగినా జవాబు రాక, లోబడు అన్న మాట మాత్రమే వస్తూ ఉంటే, అప్పుడు ఆ సంఘాన్ని కన్నీళ్లతో విడిచి వెళ్లడం గర్వం కాదు. కానీ ఆ రోజు ఇంకా రాలేదు. నాలుగు వారాలుగా నువ్వు ఇంట్లో కూర్చున్నది ఆ కారణంతో కాదని నీకూ తెలుసు.

వినయం ఎలా నేర్చుకోవాలి అని అడిగావు. హెబ్రీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయంలో యేసు గురించి, ఆయన కుమారుడై ఉండి కూడా పొందిన శ్రమల వల్ల విధేయత నేర్చుకున్నాడని ఉంది. ఆయనే నేర్చుకున్నాడంటే మనకు ఒక్క ప్రార్థనతో, ఒక్క ఉపవాసంతో వస్తుందని అనుకోవద్దు. ఆయన “నేను సాత్వికుడను దీనమనస్సు గలవాడను” అన్నది కూడా తన కాడి ఎత్తుకుని తన దగ్గర నేర్చుకోమని పిలుస్తూ అన్న మాటే. మా తాత కొత్త కోడెను ఎప్పుడూ ఒంటరిగా దుక్కిలో దించేవాడు కాదు. ఏళ్లుగా కాడి మోసిన ఎద్దు పక్కన కట్టేవాడు. పది రోజులు అది అటూ ఇటూ లాగేది. తర్వాత పెద్దెద్దు అడుగులో అడుగు పడేది.

నువ్వు ఉండే ఊళ్లో అలిపిరి మెట్లు ఎక్కేవాళ్లను చూసే ఉంటావు. 3,550 మెట్లు. మొక్కుకున్న ఆడవాళ్లు కొందరు ఒక్కో మెట్టు దగ్గరా వంగి పసుపు కుంకుమ పెట్టి, లేచి, మళ్లీ పై మెట్టుకు వంగుతారు. మన ఆరాధన వేరు, మన ప్రభువు వేరు. కానీ ఒకసారి బస్సు కోసం అలిపిరి దగ్గర ఆగినప్పుడు, నా వయసు మనిషి ఒకామె అలా మొదలుపెట్టడం చూసి చాలాసేపు నిలబడిపోయాను. వంగడం అంటే అన్నిసార్లు వంగడమా అనుకున్నాను. నేను ఇంట్లో మా కోడలి దగ్గర ఒక్కసారి తగ్గి, అది చాలని అనుకున్న రోజది.

నీకు ఒక చిన్న పని చెప్తాను. వారానికి ఒకసారి మీ ఆయనను, “ఈ వారం నా మాట ఎవరికైనా గుచ్చుకుందా?” అని అడుగు. ఆయన చెప్పింది విని ఊరుకో. వివరణ ఇవ్వకు. మొదటి రెండు మూడు వారాలు గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఉంటుంది. మా రోగుల అద్దం లాంటిదే ఇది, పట్టుకునే చేయి వేరొకరిది అయితేనే మడమ వెనక కనిపిస్తుంది. ఆయన కూడా నిన్ను అదే ప్రశ్న అడిగితే ఎఫెసీ ఐదో అధ్యాయం మీ ఇద్దరికీ వేరేగా అర్థమవుతుంది. అడగమని నువ్వు బలవంతం మాత్రం చేయకు.

పేతురు సంగతి కూడా గుర్తుంచుకో. పాదాలు కడగనివ్వనన్నాడు. పైకి అది వినయంలా కనిపిస్తుంది. కడగకపోతే నాతో నీకు భాగం లేదన్నాడు యేసు. ఈ నాలుగు వారాల్లో సంఘం నుంచి ఎవరైనా నీకోసం ఇంటికి వచ్చి ఉంటారు, ఫోను చేసి ఉంటారు. నువ్వు బాగానే ఉన్నానని చెప్పి పెట్టేసి ఉంటావు. ఈసారి ఎవరైనా వస్తే బాగాలేనని చెప్పు. ప్రార్థన చేస్తామంటే చేయనివ్వు. తోటివాళ్ల ముందు ఏడవడం నాకు చేతకాలేదు చాలాకాలం. మా పాదాల గది పెద్దాయనే మళ్లీ నేర్పాడు. మా అమ్మ పోయి సెలవు ముగించుకుని వచ్చిన రోజు, ఆయన తొట్టిలోనుంచి తడి కాళ్లు తీసి, బల్ల మీద పక్కకు జరిగి, “కూర్చో అమ్మా కాసేపు” అన్నాడు. రోగుల బల్ల మీద, రోగుల వరసలో కూర్చున్నాను.

ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయం, యేసు తన్ను తాను రిక్తునిగా చేసుకున్నాడని చెప్పే భాగం, వినయం గురించి మాట్లాడే ప్రతివాళ్లూ చదువుతారు. ఆ పత్రిక ఏ సంఘానికి వెళ్లిందో నాలుగో అధ్యాయం చెబుతుంది. అక్కడ యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలకు పొసగలేదు. ఇద్దరూ సువార్తపనిలో పౌలుతో ప్రయాసపడినవాళ్లే. ఎవరిది తప్పో ఆయన రాయలేదు. ఇద్దరినీ విడివిడిగా పేరు పెట్టి, ఏకమనస్సుతో ఉండమని బతిమాలుకున్నాడు. ఆజ్ఞాపించగలిగిన మనిషి బతిమాలాడు. రెండో అధ్యాయంలోని ఆ గొప్ప మాటలన్నీ ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఒకే గదిలో, బహుశా చెరో మూల కూర్చుని విని ఉంటారని నేను అనుకుంటూ ఉంటాను.

ఆ అమ్మాయి ఇంటికి ఆదివారానికి ముందే వెళ్లు. ఒక్కదానివే వెళ్లు. ‘కోపంలో అనేశాను’ అని కోపం మీదికి నెట్టకు, ‘నీకు బాధ కలిగి ఉంటే’ అని కూడా అనకు. బాధ కలిగింది, నువ్వు చూశావు. “అందరి ముందు నిన్ను చిన్నచేశాను, తప్పు నాది” అను. ఆమె వెంటనే పరవాలేదక్కా అంటే నమ్మేయకు, మౌనంగా ఉంటే విసుక్కోకు. ఆదివారం మందిరంలో స్త్రీల సమాజం వాళ్లు ఉండగా అదే మాట మళ్లీ చెప్పు, ఎందుకంటే అవమానం వాళ్ల ముందే జరిగింది.

ఎప్పుడైనా ఆమె తనంతట తాను పద్దు గురించి అడిగితే కూర్చోబెట్టి నేర్పు. ఓచరు మీద తేదీ, ఎవరికి, దేనికి, ఎంత, ఎవరి సంతకం, అంతా. తప్పు రాస్తే కొట్టేసి మళ్లీ రాయనివ్వు. పెన్ను మాత్రం ఆమె చేతిలోనే ఉండనీ.